ఒక్క గంట నువ్వుండు నాన్నా

మోగుతోంది, మోగుతూనే ఉంది, ఎత్తడని తెలిసీ మళ్ళీ నొక్కుతున్నాను. నాలుగూ పది అయింది, ఐదూ పదికి మేం స్టేజీ మీద ఉండాలి. తెల్ల గుడారంలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఒక చెవికి ఫోను ఆనించుకున్నాను, రెండో చెవిలో పక్క స్టేజీ మీది బ్యాండు. దాన్ని వినడం అనకూడదు, ఆ డ్రమ్ము నేలలోంచి కుర్చీ కాళ్ళలోకి, అక్కణ్ణుంచి వెన్నులోకి ఎక్కుతోంది. ఎవడో గాని బలంగా కొడుతున్నాడు, మా యాయన్ ఇంత బలంగా కొట్టడు, వాడిది నిద్రపోతున్న వాళ్ళ తలుపు తట్టినట్టుంటుంది. వాడు నిన్న పదకొండు గంటల నుంచి కనిపించడం లేదు. బల్ల మీద మూడు అన్నం డబ్బాలు పెట్టి వెళ్ళారు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసి, నాది రెంగనిస్, తర్వాత గినంజర్, యాయన్, వాడి పేరులో ఒక అక్షరం తప్పు రాశారు, ఇంత పెద్ద ఉత్సవంలో కూడా తప్పే రాశారు. మా గినంజర్ గిటారు ఒళ్ళో పెట్టుకుని అరగంటగా ఒకే తీగ సవరిస్తున్నాడు, ఆ తీగకి ఏమీ కాలేదని వాడికీ తెలుసు. స్టేజీ చూసుకునే బోనార్ నడుముకి వాకీటాకీ వేలాడదీసుకుని మూడోసారి తల లోపల పెట్టాడు. "అక్కా, మీ డ్రమ్మర్ దార్లో ఉన్నాడన్నారు." ఉన్నాడన్నాను. "ఎందాకా వచ్చాడు?" దగ్గరికొచ్చేశాడన్నాను. ఎంత తేలిగ్గా వచ్చింది అబద్ధం, నిన్న నిజం కూడా ఇంతే తేలిగ్గా వచ్చింది.

నిన్న ఉదయం ఇంటర్నెట్ రేడియో వాళ్ళ గదిలో ముగ్గురం వరసగా కూర్చున్నాం, కెమెరా కూడా పెట్టారు, చల్లటి గది, యాయన్ చెవులకి హెడ్‌ఫోన్లు పెద్దవై జారుతుంటే వాడు మాటిమాటికీ పైకి తోసుకుంటున్నాడు. ఎర్ర కళ్ళద్దాల అమ్మాయి, మంచిదే, ఎంతో మెల్లగా అడిగింది, మీ నాన్నగారు పోయాక ఆ ఒక్క గంట నువ్వుండు నాన్నా పాట పాడటం కష్టంగా ఉంటుందా అని. మా నాన్న పోలేదు. మా ఊరు జాటివాంగిలో మోటార్‌సైకిల్ విడిభాగాల కొట్లో కూర్చుని ఉన్నాడు, పొద్దున్నే రెండు వేయించిన అరటిపళ్ళు తిని ఉంటాడు. రెండేళ్ళుగా ఊరూరా జనం నా చెయ్యి పట్టుకుని మీ నాన్న గురించి విన్నాం అంటుంటే తల వంచుకుని ఊరుకున్నాను, కాదంటే మరి ఎవరి నాన్న అని అడుగుతారు. నన్ను చంపేసి పేరు తెచ్చుకున్నావు కదే అని మా నాన్న నవ్వుతాడు, కొట్టుకి వచ్చిన వాళ్ళతో నేను పోయి రెండేళ్ళయింది, బ్రేకు వైరు కావాలా అంటాడు. నిన్న ఆ చల్లటి గదిలో ఎందుకో ఆ అబద్ధాన్ని ఇంకొక్క నిమిషం కూడా మొయ్యలేననిపించింది. మా నాన్న కాదండీ, ఈ పాట మా యాయన్ వాళ్ళ నాన్నగారిది అన్నాను. అక్కడ ఆగొచ్చు. ఆగలేదు. ఆ రోజు బట్టీ దగ్గర మంట కాయాల్సింది యాయనే, కడుపునొప్పని చెప్పి, నాన్నని నిలబెట్టి, మా మొదటి ప్రాక్టీసుకి వచ్చాడు అన్నాను. నిజం చెబుతున్న హాయి ఒంటినిండా పాకింది నాకు, ఆ హాయి గుర్తొస్తే ఇప్పుడు నాలుక కోసుకోవాలనిపిస్తోంది. వాడు నా వైపు చూడలేదు. బల్ల మీద వేలితో ఏదో తాళం వేస్తున్నవాడల్లా ఆపేశాడు, అంతే. బయటికొచ్చాక లవంగం సిగరెట్లు కొనుక్కొస్తానన్నాడు, సంచీ భుజానికి తగిలించుకునే వెళ్ళాడు, సిగరెట్లకి సంచీ ఎందుకురా అని అడగాలని మా ఇద్దరికీ తోచలేదు.

మళ్ళీ నొక్కాను, మోగుతోంది. మా ఊరికే వెళ్ళి ఉంటాడు, ఇంకెక్కడికి వెళ్తాడు, అమ్మ దగ్గరికే. వాళ్ళమ్మ ఓనా పిన్ని ఫోను నిన్న సాయంత్రం నుంచి కట్టేసి ఉంది, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసుంటారు, కట్టేసుకుని ఉంటుంది, కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉంటుంది, నిన్నటి నుంచీ ఇదే చెప్పుకుంటున్నాను. నా కళ్ళ ముందు వాళ్ళ వంటింటి గట్టు, పిన్ని చేతి ఎండుచేపల సంబల్ పచ్చడి, వాడు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే మూల కూడా కనిపిస్తున్నాయి, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి కాబట్టి వాడూ అక్కడే ఉంటాడు.

మూతబడ్డ బట్టీ షెడ్డులోనే మొదలుపెట్టాం మేం. ఊళ్ళో పెంకుల బట్టీలు ఒక్కోటీ చల్లారిపోతున్న రోజులు, బట్టల ఫ్యాక్టరీలు ఒక్కోటీ లేస్తున్న రోజులు, మా అమ్మ తరం ఆడవాళ్ళు బంకమట్టి చేతులు కడుక్కుని కుట్టుమిషన్ల ముందు కూర్చున్నారు. యాయన్ వాళ్ళ నాన్న పని చేసే బట్టీ ఒక్కటే ఇంకా మండుతుండేది. బడి అయ్యాక వాడూ అక్కడే, కాలిన పెంకుల్ని ఏరేవాడు, ఒక్కో పెంకునీ ఎడమ చేత్తో ఎత్తి కుడి చేతి కణుపుతో కొట్టి చెవి వొగ్గేవాడు, ఖంగుమంటే ఇటు, డొప్పుమంటే అటు, కంటికి కనపడని బీటని కూడా వాడి చెవి పట్టేది. రోజుకి మూడు వేల పెంకులు. ఒకసారి ఆ వరస చూస్తూ నిలబడిపోయాను, పెంకులు ఏరుతూనే వాడు కణుపుతో ఒక దరువు కట్టేస్తున్నాడు, మంచి పెంకు పెద్ద దెబ్బ, పగిలిన పెంకు చిన్న దెబ్బ. నువ్వు డ్రమ్స్ వాయించాలిరా అన్నాను. డ్రమ్స్ ఎక్కడున్నాయే అన్నాడు. గినంజర్ వాళ్ళ మామయ్య పెళ్ళిళ్ళకి వాయించే డాంగ్‌డుట్ పాటల బృందంలో పాత సెట్టు ఒకటుంది, ఒక వైపు చర్మం చిరిగింది, అది తెచ్చి చల్లారిన బట్టీలో పెట్టాం. మా బ్యాండు పేరు లియో తీస్, చల్లారిన బట్టీ అని, గినంజర్ పెట్టాడు, పేరు పెట్టిన పావుగంటకే వాన మొదలైంది, సాయంత్రం నాలుగున్నర, మేం ముగ్గురం ఏమీ రాకపోయినా వాయిస్తున్నాం, యాయన్ నవ్వుతున్నాడు, పదిహేడేళ్ళవాడు, అంతకుముందు గాని ఆ తర్వాత గాని వాడలా నవ్వడం నేను చూడలేదు. ఐదింటికి అవతల బట్టీ కప్పు కూలిన చప్పుడు వచ్చింది. ఉరుమనుకున్నాం. ఇంకో పాట వాయించాం.

ఆ కప్పు కింద చిక్కుకున్న యాయన్ వాళ్ళ నాన్న మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయారు. కప్పు కూలినప్పుడు తను దొడ్డికి వెళ్ళానని యాయన్ బట్టీ వాళ్ళతో చెప్పాడు, అమ్మతోనూ అదే చెప్పాడు, మాతో మాత్రం ఆ రోజు తనకి సెలవన్నాడు, మేం నమ్మాం. నాలుగేళ్ళ తర్వాత, సిరెబాన్‌లో ఒక కళాశాలలో వాయించి చిన్న లారీ వెనక సామాన్ల మధ్య కూర్చుని వస్తుంటే, టార్పాలిన్ మీద వాన, గినంజర్ ముందు డ్రైవరు పక్కన నిద్ర, అప్పుడు చెప్పాడు నాకు. కడుపునొప్పన్నానే, ఒక్క గంట నువ్వుండు నాన్నా, వచ్చేస్తాను అన్నాను, సరే పో అన్నాడు. వాన హోరులో సగం మాటలు పోతున్నా ఇది మాత్రం పోలేదు. ఎవరికీ చెప్పకు అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. పాట రాశాను. ఏం చెయ్యను, ఆ వాక్యం నాలో పడుకోలేదు, తిండి దగ్గర, స్నానం దగ్గర, ఒక్క గంట నువ్వుండు నాన్నా, ఒక్క గంట. మొదటిసారి పాడి వినిపించినప్పుడు యాయన్ కర్రలు కింద పెట్టి బయటికెళ్ళాడు. పది నిమిషాలు. గినంజర్‌కి ఏమీ తెలియదు కదా, బాగాలేదేమో అన్నాడు. యాయన్ లోపలికొచ్చి కూర్చుని, రెండో చరణం దగ్గర నీ బేస్ గిటారు తగ్గించు, నీ మాట సరిగా వినపడటం లేదు అన్నాడు. క్షమించాడా, భరించాడా, నేను అడగలేదు, అడిగితే వద్దంటాడేమోనని అడగలేదు, ఇదీ నిజం, ఈ నిజం ఏ కెమెరా ముందూ చెప్పలేదు నేను.

ఆ పాటే మమ్మల్ని లేపింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర పని దిగిన ఆడపిల్లలు మోటార్‌సైకిళ్ళ మీద కూర్చుని, వానకోట్లు వేసుకుని, ఒక్క గంట, ఒక్క గంట అని పాడుతున్న వీడియో ఎవరో తీసి పెట్టారు. వాళ్ళు దాన్ని ఓవర్‌టైం పాట అనుకున్నారు. రోజూ ఇంకొక్క గంట అనే సూపర్‌వైజరు మీద కట్టిన పాట అనుకున్నారు. వారం తిరిగేసరికి బాండుంగ్ నుంచి పిలుపు, ఆ తర్వాత జోగ్యకర్త, మలాంగ్, ఆల్బం వేస్తామని ఒకళ్ళు, చొక్కాల మీద మా పేరు అచ్చేస్తామని ఒకళ్ళు, మేం అడుగు పెట్టని ఊళ్ళలో జనం మాకంటే ముందే పాట అందుకుంటున్నారు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రి నర్సులు, ఎవరికి వాళ్ళు తమ ఒక్క గంటని అందులో పెట్టుకుని. ప్రతి ఊళ్ళో చివరి పాట అదే. ప్రతి ఊళ్ళో నా వెనక వాడు, ఆ మాటకి తన చేతులతో తనే దరువు వేస్తూ. నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు. రెండేళ్ళు. నూట ముప్పై కచేరీలు ఉంటాయేమో, ఒక్కసారీ వెనక్కి చూడలేదు.

"ఇంక వాడు రాడు అనిస్," అన్నాడు గినంజర్ తీగ వదిలేసి. నాలుగూ ముప్పై ఐదు.

"వస్తాడు."

"నాకు కూడా చెప్పలేదు నువ్వు. ఆరేళ్ళు ఒకే గదిలో వాయించాం. నిన్న కెమెరాతో పాటు విన్నాను నేను."

"ఎవరికీ చెప్పకన్నాడు."

"బాగా దాచావు," అన్నాడు. నవ్వలేదు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రలేక. బోనార్ వచ్చి ఇంకో బ్యాండు డ్రమ్మరున్నాడు, మీ పాటలన్నీ వాడికి కంఠతా వచ్చు, పిలవమంటారా అన్నాడు, నేను మళ్ళీ యాయన్ నంబరు నొక్కాను. గినంజర్ బయటికెళ్ళాడు. వాడు తిరిగి వచ్చినప్పుడు వెనకాల ఓనా పిన్ని ఉంది. నాకు ఒక్క క్షణం గుండె కుదుటపడింది, పిన్ని వచ్చిందంటే వాడినీ తెచ్చిందన్నమాటే, నేను కుర్చీలోంచి లేచి పిన్ని భుజం మీదుగా వాడి కోసం చూస్తున్నాను, పిన్ని నా భుజం మీదుగా గుడారం లోపలికి చూస్తోంది. తెల్లవారుజామున బస్సెక్కిందట, గేటు దగ్గర కాపలావాళ్ళు రానివ్వకపోతే గంటన్నర నిలబడిందట, తలగుడ్డ చెమటకి నుదుటికి అతుక్కుపోయింది.

"వాడేడీ నెంగ్?" అంది, నెంగ్ అంటే అమ్మాయీ అని మా వైపు.

"మీ దగ్గరికి రాలేదా పిన్నీ?"

"నా దగ్గరికి రావడమేమిటి. మీతో ఉన్నాడనే కదా నేనొచ్చింది."

పక్క స్టేజీ మీద పాట అయిపోయి చప్పట్లు కొడుతున్నారు, అవి ఎంతకీ ఆగడం లేదు. నిన్న పదకొండు నుంచి ఇప్పటిదాకా నేను వాడిని ఆ వంటింటి మూల కూర్చోబెట్టి ఉంచాను, పిన్ని వాడిని ఇక్కడ, నా పక్కన కూర్చోబెట్టి ఉంచింది, ఆ ఇద్దరు యాయన్‌లూ ఒక్కసారే మాయమైపోయారు. ముప్పై గంటలు. మరి ఈ ముప్పై గంటలూ ఎక్కడున్నాడు. నిన్న మేం దిగిన సత్రం వెనక రైలు పట్టాలున్నాయి, కిటికీలోంచి కనిపిస్తాయి, కంచె లేదు, వద్దు, అటు వెళ్ళకు, అటు ఆలోచించకు. వంతెనలు. ఈ ఊళ్ళో ఎన్ని కాలవలు. ఫోను మోగుతోంది కదా, మోగుతోందంటే నీళ్ళలో లేదు, ఏమిటీ లెక్క నేను వేస్తున్నది. పిన్ని కుర్చీలో కూర్చుంది, యాయన్ పేరు తప్పు రాసిన అన్నం డబ్బా ముందు, దాని మూత మీద చెయ్యి పెట్టుకుని.

"పక్కింటి పిల్ల ఫోనులో చూపించింది," అంది. "నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నేను వాడి మొహమే చూశాను."

"పిన్నీ, నేను..."

"నీ సంగతి తర్వాత." గొంతు పెంచలేదు. "నాకు చెప్పడానికి నోరు రాలేదు వాడికి. నీకు చెప్పాడు. నువ్వు లోకానికి చెప్పావు. అందరూ విన్నాక నా దాకా వచ్చింది."

కాళ్ళు పట్టుకోవాలనుంది, వంగలేకపోయాను, వంగితే క్షమించు అనాలి, ఏ మొహంతో అంటాను. నాలుగూ యాభై ఐదు. బోనార్ తల పెట్టాడు, పిన్నిని చూసి వాకీటాకీ చప్పుడు తగ్గించాడు. అక్కా, పాడతారా, మానేస్తారా, ఏదో ఒకటి నాకు చెప్పండి, అవతల పన్నెండు వేల మంది ఉన్నారు అన్నాడు, కటువుగా ఏమీ కాదు, వాడి పని వాడిది. మానేస్తాం అన్నాను. పోలీసులకి చెబుదాం, రైల్వే స్టేషన్లకి వెళ్దాం, గినంజర్ సంచీ సర్దేస్తున్నాడు. అప్పుడు పిన్ని తలెత్తింది.

"ఆ మైకులో మాట్లాడితే ఎందాకా వినపడుతుంది బాబూ?"

"మైదానం అంతా వినపడుతుందమ్మా. ఫోన్లలోనూ వస్తోంది. దేశంలో ఎక్కడున్నా చూడొచ్చు."

"వాడి చేతిలోనూ ఫోనుంటుందిగా నెంగ్," అని లేచింది. "నన్ను తీసుకెళ్ళు."

ఇనప మెట్లు, మెట్ల పక్కన పాముల్లా తీగలు, పిన్ని చెప్పులు కింద విడిచి ఎక్కింది, గుడిసె గుమ్మం అయినా మసీదు గుమ్మం అయినా పిన్నికి చెప్పులు విడవడమే తెలుసు. సముద్రపు గాలి. మేం కనపడగానే మైదానం ఒక్కసారి లేచింది, వాళ్ళకి ఏమీ తెలియదు, బ్యాండు వచ్చిందనుకున్నారు, వెనక ఖాళీ డ్రమ్ముల సెట్టు, మాకిచ్చిన సమయం మొదలైనట్టు తెరమీద మా పేరు. ఎక్కడో ఒక మూల పాట అందుకున్నారు, ఒక్క గంట, ఒక్క గంట, అది పాకి పాకి ముందుకొచ్చేస్తోంది, పిన్ని దాన్ని వింటోంది, మొదటిసారి ఇంతమంది నోట వింటోంది, ఆవిడ మెడ నరాలు బిగుసుకోవడం నాకు కనిపిస్తోంది. ఆపండి అన్నాను మైకులో. ఇవాళ పాడం. దయచేసి ఆపండి. ఈవిడ యాయన్ వాళ్ళ అమ్మ. యాయన్ నిన్నటి నుంచి కనపడటం లేదు. ముందు వరసలు ఆపేశాయి, వెనక వాళ్ళు ఇంకా పాడుతున్నారు, వాళ్ళు కూడా ఆగేదాకా నిలబడ్డాం. పిన్నికి మైకు ఎత్తు అందలేదు, గినంజర్ దించి పెట్టాడు.

"యాయన్," అంది. తన గొంతే అంత పెద్దదై తిరిగొచ్చేసరికి అదిరిపడి వెనక్కి జరిగింది, మళ్ళీ దగ్గరికొచ్చింది. "నేనేరా. అమ్మని. నిన్ననే తెలిసింది నాకు. కోపం వచ్చింది. చాలా వచ్చింది, ఇంకా ఉంది." ఆగింది. ఇంత పెద్ద మైదానంలో ఎవరిదో దగ్గు వినపడింది. "మీ నాన్న పెళ్ళికి ముందు నన్ను చూడ్డానికి వచ్చేవాడు, పని ఎగ్గొట్టి. బట్టీ మేస్త్రీకి ఏం చెప్పి వచ్చేవాడో తెలుసా? కడుపునొప్పి అని. ప్రతిసారీ అదే, పాపం ఆయనకి ఇంకోటి తోచేది కాదు. మేస్త్రీ కూడా నవ్వేవాడు. నువ్వెళ్ళి ఆ మాటే ఆయనతో చెప్పావు. ఆయనకి తెలీదనుకున్నావా? తెలిసే పొమ్మన్నాడురా. వెళ్ళి ఆడుకోమన్నాడు. కప్పు కూలుతుందని ఆయనకీ తెలీదు, నీకూ తెలీదు." తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంది. "నాకు చెప్పకుండా ఆరేళ్ళు తిరిగావు చూడు, అందుకు నిన్ను తిట్టాలి. కూర్చోబెట్టి తిట్టాలి. తిట్టించుకోడానికైనా రా."

నా అరచేతిలో ఫోను కదిలింది. తెర మీద వాడి పేరు. రెండుసార్లు తప్పు చోట నొక్కాను, మూడోసారి తగిలింది, ఎడమ చెవికి ఆనించుకున్నాను. వాడు మాట్లాడటం లేదు. ఊపిరి వినిపిస్తోంది, ముక్కు దిబ్బడ వేసినవాడి ఊపిరి, దాని వెనక ఏదో హోరు, రైలు కాదు, రోడ్డూ కాదు, మనుషుల గుసగుసలు, ఎవరో ఆడపిల్ల వెక్కుతున్న చప్పుడు. ఒరేయ్ అన్నాను. పిన్ని మళ్ళీ మొదలుపెట్టింది, తిట్టించుకోడానికైనా రారా అని, ఆ మాట నా కుడి చెవిలో పిన్ని నోట్లోంచి పడింది, ఎడమ చెవిలో ఇంకోసారి, పెద్ద స్పీకర్లలోంచి వచ్చే మాటలా, వాడి ఊపిరి మీదుగా పడింది. చూస్తున్న ఫోనులో అయినా అలాగే వినపడొచ్చు, ఎక్కడో గదిలో కూర్చున్నా వినపడొచ్చు, నమ్మకు, ఇప్పుడే నమ్మకు. అప్పుడు వాడి పక్కనే ఉన్న ఎవడో మగమనిషి, బొంగురు గొంతు, అమ్మా ఇంకోసారి పిలువు అని అరిచాడు. ఫోనులోంచి నా చెవిలో అరిచాడు. ఆ అరుపే మైదానంలోంచి కూడా వచ్చింది, అదే గొంతు, అవే మాటలు, ఎడమవైపు, దీపాల స్తంభం అవతల నుంచి.

పిన్ని కుడివైపు చూస్తూ నిలబడి ఉంది. వెళ్ళి ఆవిడ రెండు భుజాలూ పట్టుకున్నాను.

"పిన్నీ," అన్నాను, "ఇటు తిరిగి పిలువు."